దూది కాదు, మంచు

సోమవారం

ఈ దినచర్యను పైన ఎవరూ చదవరని నాకు ఎప్పుడో తెలిసిపోయింది. పోయిన నెల 'నేటి వార్డు విశేషాలు' అన్న చోట "వార్డు సభ్యుడు బజారప్ప జుట్టుకు రంగేసుకున్నాడు, మీసానికి మర్చిపోయాడు" అని రాసి పంపాను. "మీ నివేదిక స్వీకరించబడినది, ధన్యవాదములు" అని జవాబొచ్చింది. అప్పట్నుంచి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ప్రాణానికి హాయిగా ఉంది.

నా పేరు సుంకులత. ఇంట్లో పెట్టింది సుంకులమ్మ, బళ్ళో నేనే మార్చుకున్నాను. మున్సిపాలిటీ ఇచ్చిన కెమెరా మెడలో వేసుకుని పొద్దున్నే ఆదోని దూదిపేటలో వీధివీధీ తిరిగి ఫోటోలు తీయడం నా ఉద్యోగం. ఆ కెమెరా మాట్లాడుతుంది. మాట్లాడితే మాట్లాడింది, గ్రాంథికం మాట్లాడుతుంది. అందుకని పేటలో అందరూ దాన్ని దొర అంటారు. లోపాలు దిద్దడం దొర పని. రోడ్డు మీద గుంత కనిపిస్తే ఫోటోలో పూడ్చేస్తాడు. చెత్తకుప్ప ఉంటే ఎత్తేస్తాడు. మున్సిపాలిటీ రికార్డు ప్రకారం మా రోడ్లకు ఏ రోగమూ లేదు కాబట్టి తారు వేసే బండి మా వైపు వచ్చి చాలా ఏళ్ళయింది.

వాతావరణం సంగతీ అంతే. ఆకాశం బాధ్యత చూసే నీడ మండలి రికార్డులో ఏముంటే ఫోటోలో అదే ఉండాలి. ఒకసారి రికార్డులో ఎండ, నెత్తిన కుండపోత. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి తీసిన ఫోటోలో రోడ్డు తుడిచిన పలకలా ఉంది.

ఈ రోజు విశేషానికి వస్తాను.

పొద్దున బయటికొచ్చేసరికి చలి ముక్కు కొరికేస్తోంది. చైత్రమాసంలో ఆదోనిలో చలేమిటని తిట్టుకుంటూ ఆకాశం చూశాను. మామూలుగా మా ఆకాశం మజ్జిగ రంగులో ఉంటుంది. ఎండకు జనం పిట్టల్లా రాలిపోతున్నారని నీడ మండలి పైన ఏదో పొడి చల్లడం మొదలుపెట్టినప్పటి నుంచీ అదే రంగు. ఈ రోజు మాత్రం గడ్డపెరుగులా ఉంది. అందులోంచి తెల్లగా ఏదో రాలుతోంది.

జిన్నింగు మిల్లు దూది ఎగిరొస్తోందనుకున్నాను. మా పేటలో ఆడవాళ్ళ సంఘం నడిపే మిల్లు ఒకటుంది. పత్తిలోంచి గింజ తీస్తారు. అప్పుడప్పుడు నూగు ఎగిరి వీధిలో పడుతుంది, అదేమీ కొత్త కాదు. నేను మిల్లు ముందుకు పోయేసరికి సంఘం పెద్ద మాబున్నక్క గేటు దగ్గర నిలబడి అరచెయ్యి చాపి చూస్తోంది. తరతరాలుగా దూది ఏకిన ఇల్లు వాళ్ళది. పత్తిని చీకట్లో ముట్టుకుని ఏ చేలోదో చెప్పగలనంటుంది. నేను నమ్మను గానీ ఎదురు చెప్పను.

"ఏం మే సుంకూ, ఇది మీ మున్సిపాలిటీ పనేనా?" అంది.

"మీ దూది కాదా అక్కా?"

"దూది నీళ్ళవుతుందా మే? చూడు." చెయ్యి నా ముఖం ముందు పెట్టింది. అరచేతిలో చెమ్మ తప్ప ఏమీ లేదు. ఇంకోటి వచ్చి వాలింది. ఆరు కొమ్మల ముగ్గులా ఉంది. చూస్తుండగానే చుక్క నీరై మణికట్టు మీదికి జారింది.

మంచు! పొగమంచు కాదు, ఫ్రిజ్‌లో గోడలకు పట్టేది. ఆదోనిలో!

తర్వాత నాకు ఒంటి మీద తెలివి లేదు. పరిగెత్తుతూ తీశాను. వేపచెట్టు నిండా పూత, పూత మీద మంచు, ఏది రాలుతోందో తెలియదు. ఆటోల టాపుల మీద పరుపు పరిచినట్టు మంచు. బొరుగుల ఉగ్గాని అమ్మే బండి పెద్దాయన గొడుగు దులిపి దులిపి విసుగొచ్చి, ప్లేటులో మిరపకాయ బజ్జీ పక్కన పడినదాన్ని కూడా వడ్డించేశాడు. గేదె ఒకటి వీపంతా తెల్లగా చేసుకుని, ఇదంతా తన గొప్పే అన్నట్టు నడిరోడ్డున నిలబడింది. కుక్కలు ఆకాశాన్ని చూసి మొరిగాయి. మాబున్నక్క మిల్లు గేటు ముందు తల వెనక్కి వాల్చి నాలుక చాపింది. అరవై దాటిన మనిషి. అదీ తీశాను.

మిల్లు ఆడవాళ్ళు మంచును చేటలతో ఎత్తి కుప్పపోసి మనిషి బొమ్మ చేశారు. పత్తిగింజలు కళ్ళు, కొబ్బరిపీచు జుట్టు, ఎవరిదో పాత రవిక. చూస్తుంటే ఆ గింజల కళ్ళలో నిద్రమత్తు కూడా ఉన్నట్టనిపించింది. మిట్టమధ్యాహ్నానికి మంచూ లేదు, మనిషీ లేదు, గేటు ముందు తడి రవిక ఒకటి మిగిలింది.

ఇంటికొచ్చి ఫోటోలు చూసుకున్నాను. శుభ్రమైన వీధి. పొడిపొడి ఆటోలు. నల్లటి గేదె.

"దొరా! మంచేది?" అని అరిచాను.

"చిత్రములందు తెల్లని మచ్చలు గుర్తించబడినవి," అన్నాడు దొర. "తొలగించబడినవి."

ఒక్క ఫోటో మాత్రం వేరేగా ఉంది. పొడిగా ఉన్న మిల్లు గేటు ముందు రవిక తొడుక్కున్న తెల్లటి లావుపాటి మనిషి నిలబడి ఉంది. కింద దొర రాశాడు: "అపరిచిత వ్యక్తి. ముఖము పాలిపోయి ఉన్నది. వైద్యసహాయము అవసరమా?"

నవ్వీ నవ్వీ అలసి పడుకున్నాను.

మంగళవారం

పేటలో ఎవరి ఫోను చూసినా ఇదే కథ. మంచు పడుతున్నంతసేపూ తీశారు, ఒక్కదాంట్లోనూ లేదు. ఫోన్లలో ఉన్న కెమెరాలు కూడా దొర చుట్టాలే మరి. గుంతకల్లులో మా వదినకు చెప్పాను. "పగలే తాగడం మొదలుపెట్టినారా?" అంది.

నీడ మండలికి రాశాను. "మంచు అనగా పొగమంచు. వసంతకాలమున ఉదయపు వేళ పొగమంచు సహజము" అని బదులిచ్చారు. తప్పు వాళ్ళది కూడా కాదు. తెలుగులో రెండింటికీ ఒకటే మాట పెట్టినవాళ్ళను అనాలి. "ఫ్రిజ్ మంచు" అని మళ్ళీ రాశాను. "ఫ్రిజ్ మరమ్మతులు మా పరిధిలోనివి కావు" అన్నారు.

సాయంత్రం బజారప్ప మిల్లు దగ్గరికొచ్చాడు. ఆదోనికి నీడ తెచ్చింది తానేనని చెప్పుకుంటూ ప్రతిసారీ గెలుస్తాడు. ఆయన ఎన్నికల గుర్తు కూడా గొడుగే. నీడ ఎక్కువై మంచు పడిందంటే ఆ గొడుగుకి చిల్లు పడినట్టే కదా.

"ఏమ్మా సుంకులతా, మంచూ గించూ అని పైకి రాసినావంట?"

"పడింది కదన్నా. మీ ఇంటి మీద కూడా పడింది."

"మా ఇంటి మీద పడింది దూది."

మాబున్నక్క చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "దూదయితే కరిగిందేం బజారప్పా?"

"ఎగిరిపోయింది. మీ మిల్లు నూగే. ఊపిరాడక మా ఇంట్లో అందరికీ దగ్గు."

"చలికి దగ్గొచ్చింది నీకు!"

"అదంతా మండలి తేలుస్తుంది," అని తలపాగా సర్దుకుని పోయాడు. మాబున్నక్క ఆయన పోయిన దిక్కే చూస్తూ నిలబడింది. ఆమె ముఖంలో నవ్వు లేకపోవడం నాకు నచ్చలేదు.

బుధవారం

తేల్చేశారు.

నీడ మండలి నుంచి మృణాళిని అనే అధికారిణి వచ్చింది. వయసు తక్కువే, మాట మెత్తన. మిల్లంతా తిరిగింది. యంత్రాలు చూసింది, దూది ముట్టుకుంది, నన్ను పిలిచి సోమవారం ఫోటోలు చూపమంది. చూపించాను.

"వీటిలో ఏమీ లేదు కదండీ."

"ఏమీ లేనప్పుడు దూది మాత్రం ఎక్కడుంది మేడం?" అన్నాను.

ఆమె నా వంక చూసింది. నవ్వబోయి మానేసింది. "ఫిర్యాదు వచ్చింది. కారణం రాయాలి. రికార్డులో మంచు లేదు, ఉండే అవకాశమూ లేదు. మిగిలింది దూది." ఆమె చెప్పేది ఆమెకే నచ్చడం లేదని తెలుస్తూనే ఉంది. అయినా సీలు వేయించింది. విచారణ అయ్యేదాకా మిల్లు మూత. దూదేనని తేలితే సంఘం అనుమతి రద్దు. రద్దయితే ఆ జాగాలో మండలి తన పొడికి గోదాము కట్టుకుంటుందట. ఈ చివరి ముక్క బజారప్ప చెప్పాడు, మిఠాయి పంచుతున్నంత సంబరంగా.

అందరూ ఇళ్ళకు పోయారు. మాబున్నక్క మాత్రం గేటు బయట మెట్ల మీద కూర్చుంది. లోపల పత్తి కుప్ప సగం అలాగే ఉంది. ఆమె చేతులు ఊరికే ఉండలేక చీర కొంగులోంచి పోగులు పీకుతున్నాయి.

"చీర పాడైపోతుందక్కా," అన్నాను.

"పోనీ. ఎన్ని మాటలన్నా పడినాను మే. మిల్లు అప్పుడు మునుగుతుందన్నారు, ఇప్పుడు మునుగుతుందన్నారు. పడినాను. ఇప్పుడు దూదంటే ఏందో నాకే తెలీదన్నట్టు, నా చేతిలో కరిగినదాన్ని పట్టుకుని దూదంటాండారు. దీన్నెట్ల పడల్ల?"

ఆమె ఏడవదు. తిడుతుంది, అంతే. ఈ రోజు తిట్టలేదు కూడా. నాకు భయమేసింది.

ఏదో ఒకటి మాట్లాడాలని కెమెరా తీసి రవిక మనిషి ఫోటో చూపించాను. "వైద్యసహాయము అవసరమా" అన్నది చదివి కొంచెం నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అడిగింది, "అన్నీ తుడిచినోడు దీన్నెందుకు తుడవలేదు?"

నిజమే. నేను దొరను అడిగాను. "దొరా, ఈ మనిషిని తీసెయ్."

"మనిషిని తొలగించుట నేరము."

అప్పుడు గుర్తొచ్చింది. కొన్నేళ్ళ కిందట కాలవ వంతెన ప్రారంభం ఫోటోలోంచి బజారప్ప తన మీద పోటీ చేసినవాణ్ణి తీయించేశాడు. పెద్ద గొడవై కోర్టుదాకా పోయింది. అప్పట్నుంచి ఏ కెమెరా అయినా గుంతలు పూడ్చవచ్చు, కొండలు లేపేయవచ్చు, బతికున్న మనిషిని మాత్రం తీయకూడదు.

"అంటే మంచును మనిషిగా చేసి నిలబెడితే..." అన్నాను.

"తుడవలేడు," అంది మాబున్నక్క. లేచి నిలబడి ఆకాశం వైపు చూసింది. "ఇంగోసారి పడల్ల గదమే."

గురువారం

పడలేదు. చలి మాత్రం దండిగా ఉంది.

మిల్లు ఆడవాళ్ళంతా చేటలు, గంపలు, పాత బట్టలు సిద్ధం చేసుకున్నారు. ఎవరు ఎవరి బొమ్మ చేయాలన్న దాని మీద మంచు కంటే ముందు కొట్లాట మొదలైంది. ముగ్గురు అత్తల్ని ఎంచుకున్నారు. ఒకామె మొగుణ్ణి చేస్తానంది, పనీ పాటా లేకుండా నిలబడ్డం ఆయనకు అలవాటేనట.

బజారప్పను ఎవరు చేస్తారు అన్నప్పుడు అందరూ ఒకేసారి చెయ్యెత్తారు. కానీ దొర గుర్తుపట్టాలంటే ఆయన వస్తువులుండాలి. ఆ సంగతి ఎలా పాకిందో, మధ్యాహ్నం బజారప్ప భార్య గంగవ్వ సంచి పట్టుకుని వచ్చింది. ఆమె కూడా ఒకప్పుడు మా మిల్లులో పత్తి ఏరిన మనిషే. సంచిలో ఆయన పాత చొక్కా, తలపాగా, పగిలిన కళ్ళద్దాలు ఉన్నాయి.

"ఆయనకు తెలిస్తే?" అన్నాను.

"ఇంట్లో ఎట్లాగూ నా మాట వినడు. ఇక్కడన్నా నోరు మూసుకుని నిలబడనీ," అంది గంగవ్వ.

శుక్రవారం

ఎండ. మజ్జిగలోంచి వచ్చే ఎండే గానీ, ఎండ. చేటలు పట్టుకుని ఆకాశం కేసి చూస్తున్న ఆడవాళ్ళను చూసి బస్సు దిగినవాళ్ళు ఏదో పండగ అనుకున్నారు. మాబున్నక్క అన్నం తినలేదు. ఇంకేం రాయబుద్ధి కావడం లేదు.

శనివారం

పడింది!

పొద్దున టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టానో లేదో వీధిలో కేకలు. సోమవారం అంత కాదు, పలచగా, చిన్నచిన్నగా, ఏ క్షణాన ఆగిపోతుందో తెలియనట్టు. పొయ్యి కట్టేసి, కెమెరా అందుకుని, చెప్పులు లేకుండా ఉరికాను. మాబున్నక్క అప్పటికే రోడ్డు మధ్య నిలబడి గొంతు చించుకుంటోంది. "గోడల మీద గీకండి! ఆటోల మీద గీకండి! మట్టి కలపొద్దు మే, మట్టి కలిపితే తుడిచేస్తాడు!"

దూదిపేట అంతటి పట్టుదలతో ఏ పనీ చేయగా నేను చూడలేదు. మగవాళ్ళు మేడలెక్కి మంచు తోసి కిందకు వేశారు. ఉగ్గాని పెద్దాయన గరిటె ఇచ్చాడు. మిల్లు గేటు నుంచి కాలవ దాకా వరసగా మనుషులు లేచారు. లావు మనుషులు, పొట్టి మనుషులు, చీరల్లో, పంచెల్లో, స్వెట్టర్లలో. మధ్యలో, చొక్కా గుండీలు పట్టని పొట్టతో, తలపాగాతో, కళ్ళద్దాలతో బజారప్ప. మీసం గంగవ్వ స్వయంగా బొగ్గుతో దిద్దింది.

నేను కెమెరా ఎత్తాను.

"జనసమూహము గుర్తించబడినది," అన్నాడు దొర. ఒక్క క్షణం ఆగి, "వార్డు సభ్యులు బజారప్పగారు. నమస్కారము."

వీధి వీధంతా నవ్వింది. మాబున్నక్క నా భుజం పట్టుకుని వంగిపోయింది, పక్కన గంగవ్వ కళ్ళొత్తుకుంటోంది. తీస్తూనే ఉన్నాను. ముందు నుంచి, పక్క నుంచి, వరసగా.

తర్వాత ఫోటోలు చూశాను. నవ్వు పోయింది.

మనుషుల్ని తీయలేదు దొర. సోమవారం ముఖం పాలిపోయిందని రాసి ఊరుకున్నవాడు, ఈసారి బాగుచేశాడు. "ముఖవర్ణము సవరించబడినది" అని రాసి అందరికీ చక్కటి చామనఛాయ పూశాడు. పొడిపొడిగా ఉన్న రోడ్డు మీద లావుపాటి జనం కదలకుండా నిలబడి ఉన్నారు.

"బస్సు కోసం ఎదురుచూసే పెండ్లి గుంపు మాదిరుంది," అంది మాబున్నక్క.

మంచు ఆగిపోయింది. మబ్బు పలచబడి ఎండ తగిలింది. అత్తలు కుంగడం మొదలైంది. ఆడవాళ్ళు ఎవరి చేటలు వాళ్ళు తీసుకున్నారు. నేను మాత్రం తీయడం ఆపలేదు. ఆశతో కాదు. ఇంత కష్టపడి నిలబెట్టినవాళ్ళు ఒంటరిగా కరిగిపోతుంటే చూస్తూ ఉండలేకపోయాను.

బజారప్ప కొంచెం కొంచెంగా చిక్కిపోయాడు. భుజాలు దిగాయి. కళ్ళద్దాలు జారాయి. మెడ పక్కకు వాలింది.

"వార్డు సభ్యులు అస్వస్థతకు గురైనారు," అన్నాడు దొర.

తల ఊడి కిందపడింది.

దొర గొంతులో అలాంటి శబ్దం ఉందని నాకు అంతవరకూ తెలియదు. చెవులు చిల్లులు పడేలా సైరన్. "ప్రమాదము! ప్రమాదము! అత్యవసర సేవలకు సమాచారము పంపబడినది!" ఆపే మీట ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అది మోగుతుండగానే ఒక అత్త కూలింది. దొర ఇంకో అంబులెన్సు పిలిచాడు.

మొదటి అంబులెన్సు వచ్చేసరికి చాలామంది నడుం దాకా మిగిలారు. అందులోంచి దిగిన కుర్ర కాంపౌండరు స్ట్రెచర్‌తో సహా జారిపడ్డాడు. లేచి, "పేషెంటు యాడక్కా?" అన్నాడు.

మాబున్నక్క చొక్కా, కళ్ళద్దాలు ఉన్న తడి కుప్పను చూపించింది. అతను మోకాళ్ళ మీద కూర్చుని నాడి కోసం చెయ్యి పెట్టి, వెనక్కి లాక్కున్నాడు. "అక్కా, ఇది మంచు!"

"మేం చెప్తే వినల్యా. నువ్వు రాసియ్యి నాయనా."

అతను తల గోక్కున్నాడు. "మనిషి చచ్చినాడని రాసే అధికారముంది నాకు. మంచు పడిందని రాసే అధికారం లేదు. అది నీడ మండలిది." మాట్లాడుతుండగానే ఆ కుప్ప కూడా కాలవ వైపు పారిపోయింది. అతను తడి రోడ్డు కేసి చూసి రాసుకున్నాడు. నేను భుజం మీదుగా చదివాను: 'శరీరము లభ్యము కాలేదు.'

"మరణము నమోదు చేయబడినది," అన్నాడు దొర. సైరన్ ఆగింది.

ఆదివారం

బజారప్ప చచ్చిపోయాడు.

నిన్న ఆయన ఆలూరులో చుట్టాల పెళ్ళిలో ఉన్నాడు. రాత్రికి అక్కడే ఆగి పొద్దున తిరుగు బస్సెక్కబోతే బస్సు తలుపు ఆయన ముఖం చూసి తెరుచుకోలేదు. ఫోను పలకలేదు. ఎవరి బండి మీదో ఇల్లు చేరితే ఇంటి తలుపూ తెరుచుకోలేదు. కిటికీలోంచి చూస్తే గంగవ్వ పరామర్శకొచ్చినవాళ్ళకు ఉప్మా పెడుతోంది. బజారులో ఆయన ఫోటోకు దండ వేసి బ్యానరు కట్టారు. ఆయన మీద ఓడిపోయినవాడు "అంతటి మనిషి మళ్ళీ పుట్టడు" అని ప్రసంగించాడు. ఆ మాటకు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది గంగవ్వేనట.

సరాసరి మా దగ్గరికొచ్చాడు. పెళ్ళి పంచె నలిగిపోయి, తలపాగా చంకలో పెట్టుకుని.

"నేను బతికుండాను! తీ! ఫోటో తీసి పంపు పైకి!"

తీశాను. చూస్తే ఖాళీ గోడ.

"రికార్డు ప్రకారము వీరు మరణించినారు," అన్నాడు దొర. "చిత్రమునందలి మరక తొలగించబడినది."

బజారప్ప ఆ ఖాళీ గోడను చాలాసేపు చూశాడు. కెమెరా తిప్పి వెనకవైపు కూడా చూశాడు. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, కొంచెం జాలేసింది. మాబున్నక్క కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చింది. తాగాడు.

"ఏం చేస్తారు మీరు నన్ను?" అన్నాడు.

"మేమేం చేస్తాం బజారప్పా. చచ్చింది నువ్వు కాదని చెప్పు. మరి చచ్చిందేందో కూడా నువ్వే చెప్పు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టేసి లేచిపోయాడు.

సోమవారం

మున్సిపాలిటీ హాల్లో విచారణ. రెండూ ఒకే చోట పెట్టారు, మిల్లు సీలు సంగతీ, బజారప్ప చావు సంగతీ. మృణాళిని మధ్యలో కూర్చుంది. దొరను బల్ల మీద పెట్టారు. మండలి తరఫున సాక్ష్యాలు రాసుకునేది కూడా వాడే.

బజారప్పను లోపలికి రానివ్వలేదు తలుపు. గంగవ్వ తనతో పాటు లాక్కొచ్చింది.

"శనివారం తల ఊడి పడిపోయింది ఎవరు?" అని అడిగింది మృణాళిని.

"నేను కాదు."

"అది కనిపిస్తోంది. మరి ఎవరు?"

బజారప్ప గొంతు సవరించుకున్నాడు. రాత్రంతా ఆలోచించుకున్నట్టున్నాడు. "బొమ్మ మేడం. వీళ్ళు నన్ను అవమానం చేసేదానికి దూదితో చేసిన బొమ్మ."

దూది అని నమోదైతే మిల్లు పోయినట్టే. మాబున్నక్క నా చెయ్యి నొక్కింది.

మృణాళిని నా ఫోటోలు గోడ మీద వేయించింది. ఒకదాని తర్వాత ఒకటి. నిండుగా ఉన్న బజారప్ప. చొక్కా వదులైన బజారప్ప. నడుం దాకా ఉన్న బజారప్ప. దొర పూసిన చామనఛాయ చెక్కుచెదరలేదు, మనిషి మాత్రం కుంచించుకుపోతున్నాడు. హాల్లో ఎవరో ఆపుకోలేక కిసుక్కుమన్నారు.

"దూది ఎండకు తగ్గిపోతుందా?" అని మాబున్నక్కను అడిగింది.

"ఆరితే ఇంగా పొంగుతుంది మేడం."

మృణాళిని బజారప్ప వైపు తిరిగింది. "దూది అని రాయమంటే రాస్తాను. కానీ తగ్గిపోయే దూది ఉండదు కాబట్టి రికార్డు దాన్ని ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే పడిపోయింది మీరే. నేను చేయగలిగింది లేదు." గొంతు ఎప్పట్లాగే మెత్తగా ఉంది. "ఆలోచించుకుని చెప్పండి. తొందరేం లేదు. చనిపోయినవాళ్ళకు గడువు ఉండదు."

బజారప్ప గంగవ్వను చూశాడు. గంగవ్వ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"మంచు," అన్నాడు.

"వినపడలేదు."

"మంచు! పైనుంచి పడింది! మా ఇంటి మీద కూడా పడింది! ఐసు! గడ్డ! చాలా?"

"ఘనీభవించిన మంచు," అన్నాడు దొర. "నమోదు చేయబడినది. బజారప్పగారు జీవించియున్నారు. నమస్కారము."

హాలు దద్దరిల్లింది. మిల్లు ఆడవాళ్ళు కుర్చీల మీదకెక్కారు. మృణాళిని సీలు రద్దు చేస్తూ సంతకం పెడుతూ, తల ఎత్తకుండా, "అత్తల సంగతి కూడా తేల్చాలి, ముగ్గురు పోయినట్టున్నారు," అంది. అప్పుడు చూశాను, నవ్వుతోంది.

గురువారం

నీడ తగ్గించారు. పైన చల్లే పొడి సగానికి సగం కోసేశారట. మధ్యాహ్నం కాలవ మీద ఆకాశంలో నీలం ముక్క ఒకటి కనిపించింది. జనం దాన్ని కాసేపు చూసి మురిసి, తర్వాత ఎండ మాడు మీద తగిలేసరికి నన్ను తిట్టడం మొదలుపెట్టారు. "నీ ఫోటోలు తగలెయ్య, కాళ్ళు కాలిపోతున్నాయి" అని ఉగ్గాని పెద్దాయన నిలదీశాడు. బజారప్ప ఎన్నికల గుర్తు మార్చుకునే ఆలోచనలో ఉన్నాడట. ఫ్యాను అయితే ఎలా ఉంటుందని నన్నే అడిగాడు.

మిల్లు మొదలుపెట్టే ముందు మాబున్నక్క ఫోటోలు తెమ్మంది. రికార్డులో మంచు ఎక్కింది కాబట్టి, "తొలగించిన మచ్చలు తిరిగి చేర్చబడినవి" అని దొర ఆ రెండు రోజులవీ నాకు ఇచ్చేశాడు. అన్నీ అచ్చు వేసి మిల్లు గోడకు అంటించాను.

వేపపూత, ఆటోలు, గేదె. తెల్లటి వీధి. మేం తిరిగిన వీధే, తిరుగుతూ సరిగ్గా చూడలేదని ఇప్పుడు తెలిసింది. బజ్జీ పక్కన మంచు అలాగే ఉంది. ఒక ఫోటోలో నా వేలు అడ్డం వచ్చింది. ఒకామె తన అత్త బొమ్మను చూసి, "పోలిక కుదరలేదు, అసలు ఇంకా కోపంగా ఉంటుంది," అంది. అందరూ ఒక్కసారి నవ్వి, గోడ మీద పడ్డారు.

మాబున్నక్క చివరి ఫోటో దగ్గర నిలబడిపోయింది. గేటు ముందు తల వెనక్కి వాల్చి, నాలుక చాపి, కళ్ళు మూసుకుని ఆమే. కనురెప్పల మీద మంచు. చుట్టూ గాలిలో ఇంకా కిందకు రానివి.

నేను ఆమె ఏదైనా తిడుతుందని చూశాను.

"మా నాయన బతుకంతా దూది ఎగరేసినాడు మే," అంది. "విల్లు పట్టుకుని ఏకుతాంటే ఇల్లంతా ఇట్లే ఉండేది. నేను మధ్యలో కూర్చుని నోరు తెరిచేదాన్ని. దగ్గొస్తుంది, మూయే నోరు అని అరిచేవాడు." వేలితో ఫోటో మీద ఒక తెల్లటి చుక్కను ముట్టుకుంది. "ఇది చూసుంటే ఏమనేవాడో."

ఫోటో గోడ నుంచి మెల్లగా ఊడదీసి, చిరగకుండా, కొంగులో చుట్టి నడుముకు దోపుకుంది. తర్వాత లోపలికి పోయి, "ఏం మే, గోడలు చూస్తా నిలబడితే పత్తి దానంతటదే గింజ వదులుతుందా?" అని కేకేసి మిల్లు ఆన్ చేసింది.